చరణం అందని సంఘం

పల్లవికి గుడంతా గొంతు కలుపుతుంది. చరణం ఎక్కగానే సగం మంది పుస్తకంలోకి తలొంచుకుంటారు. బేతంచెర్ల నుంచి ఆళ్లగడ్డ దాకా ఆదివారం ఆరాధనల్లో కనబడే ఈ మౌనానికి కారణం హార్మోనియం మీద మనం ఎంచుకునే మెట్టు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎక్కడ తెరిచినా కీర్తన నెత్తిన రెండు వివరాలు కనిపిస్తాయి. రాగం ఇది, తాళం ఇది అని. శంకరాభరణం, ఆది. ఆనందభైరవి, చాపు. పాత తరం పెద్దలు ఆ మాటలు చదవకుండానే వరస పట్టేవాళ్లు. కొత్త తరం చదివినా పట్టలేకపోతోంది, అది వేరే కథ. మూడో వివరం మాత్రం ఆ పుస్తకం చెప్పదు. ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి? ఆ సంగతి పాడించేవాళ్ల ఇష్టానికి వదిలేసింది.

కచేరీ సంప్రదాయంలో పుట్టిన అలవాటు ఇది. అక్కడ పాడేది ఒక్కరు. ఆ గొంతుకు ఏది కుదిరితే అదే శ్రుతి. త్యాగరాజ కృతిని ఒకాయన ఒకటిలో పాడతాడు, ఒకావిడ ఐదున్నరలో పాడుతుంది, కృతికి వచ్చిన లోటేమీ లేదు. గుడిలో కూర్చునేది వంద మంది. అందులో ఏడేళ్ల పిల్లలున్నారు, గొంతు మారుతున్న కుర్రాళ్లున్నారు, డెబ్బై దాటిన అవ్వలున్నారు. వీళ్లందరి తరఫునా శ్రుతి నిర్ణయించేది మాత్రం ఒక్కరే. తన గొంతు చూసుకుని నిర్ణయిస్తారు. నా ఫిర్యాదంతా అక్కడే.

బేతంచెర్ల నాపరాళ్ల ఊరు. గనుల్లో రాయి తీసేవాళ్లు, ఫ్యాక్టరీల్లో కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, లారీలకెత్తేవాళ్లు వారమంతా మిషన్ల మోతలో అరిచి మాట్లాడుకుంటారు. మోతలో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో రాశాడు. గొంతు పెరిగితే దాని స్థాయి కూడా పైకి పోతుందని తర్వాతి వాళ్లు తేల్చారు. అలా ఆరు రోజులు రాపిడి పడ్డ గొంతులు ఏడో రోజు పొద్దున గుడికొస్తాయి. వాటి ముందు మనం పెట్టేది స్టూడియోలో ఏసీ గదిలో కూర్చుని ఎవరో నేపథ్య గాయకుడు పాడిన స్కేలు.

తర్వాత ఏమవుతుందో ఒక్కసారి పాట మానేసి గమనించండి. పల్లవి బాగానే సాగుతుంది. చరణం రెండో పాదానికి వరస పైకెక్కుతుంది. ముందు వరసలో క్వయర్ పాడుతూనే ఉంటుంది, వాళ్ల ముందు మైకులున్నాయి కాబట్టి గుడంతా పాడుతున్నట్టే వినిపిస్తుంది. ఆడవాళ్ల వైపు చూడండి. నడివయసు అక్కలు పై స్థాయి వదిలేసి మగవాళ్ల స్థాయిలోకి దిగుతారు. అక్కడ పాదం మొదలు మరీ గొంతు అడుగుకు తగిలి, మళ్లీ పైకి ఎగబాకుతారు. మధ్యలో రెండు మాటలు మింగేస్తారు. గోడకు ఆనుకుని కూర్చున్న తాతలు పెదాలు కదుపుతారంతే. పదో తరగతి కుర్రాళ్లు అసలు నోరే విప్పరు. పల్లవి తిరిగి రాగానే అందరూ వచ్చి చేరతారు. అయ్యగారు మైకందుకుని, దేవుణ్ణి స్తుతించడానికి సిగ్గెందుకు, గట్టిగా పాడండి అంటారు. సిగ్గు కాదయ్యగారూ, అందలేదు.

ఆరు నుంచి పై రెండు దాకా

హార్మోనియం లెక్క తెలియని వాళ్ల కోసం ఒక మాట. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు. నల్లమెట్లు సగాలు: ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర అనే శ్రుతి లేదు. కీబోర్డు కుర్రాళ్లు ఈ ఒకటినే సి అంటారు, రెండును డి, ఆరును ‘ఏ’. ఏ మెట్టు మీద షడ్జం పెట్టుకుంటే అది మన శ్రుతి.

సంగీతం నేర్వని మామూలు స్త్రీ గొంతు మధ్య స్థాయి ఒకటికి కిందున్న ఆరు నుంచి, పై స్థాయిలోని రెండు దాకా పలుకుతుంది. అంటే సుమారు 220 హెర్ట్జ్ నుంచి 587 దాకా. మగవాళ్లది సరిగ్గా దానికి ఒక స్థాయి కింద, 110 నుంచి 294 దాకా. పాశ్చాత్య సంఘాల్లో సమూహ గానం నడిపేవాళ్లు కూడా అటూఇటుగా ఈ హద్దులే పెట్టుకుంటారు. హద్దులంటే చివరి అంచులు. వాటి మధ్యలో, ఒకటి నుంచి పై ఒకటి దాకా ఉన్న ఒక్క స్థాయిలోనే గొంతు హాయిగా మసులుతుంది. పై రెండును తాకి రావడం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు. చరణంలో ఒక్క మాట పైన మెరిసి దిగితే ఎవరికీ కష్టం ఉండదు, ఆ మెరుపు కోసమే కొన్ని పాటలు బతికున్నాయి. పాదాలకు పాదాలు ఆ అంచునే నడిస్తే మాత్రం మూడో చరణానికి గొంతులు పట్టేస్తాయి.

ఇక్కడే అసలు చిక్కు. కచేరీ చేసే మగవాళ్లు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు పెట్టుకుంటారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరు. ఇద్దరి మధ్యా దాదాపు సగం స్థాయి తేడా. కచేరీలో ఇద్దరూ కలిసి పాడాల్సిన అవసరం పెద్దగా రాదు, గుడిలో ప్రతి ఆదివారమూ వస్తుంది. పాడించే తమ్ముడు తనకు తేలికని రెండు పెట్టాడనుకోండి. ఆడవాళ్లు అతనికి ఒక స్థాయి పైన పాడాలి. ఐదు అలవాటైన గొంతు షడ్జం దగ్గరే ఏడు మెట్లు పైకి ఎక్కినట్టు. ఆ తమ్ముడే ఇంకా హుషారుగా నాలుగు పెట్టి పాడితే ఇంకో విచిత్రం జరుగుతుంది. ఆడవాళ్లు పైకి పోలేక అతని స్థాయిలోనే కలిసిపోతారు, వాళ్లకది కాస్త కిందయినా పలుకుతుంది. నలిగిపోయేది అప్పుడు మగవాళ్లు. నూటికి పది మందికి మాత్రమే ఉండే సన్నని పై గొంతు పాడించేవాడికి ఉంది, మిగతా తొంభై మందికి లేదు. ఆ తొంభై నా అంచనాయే, మీ గుడిలో లెక్కపెట్టి చూసుకోండి.

వయసు కూడా తన వంతు తాను చేస్తుంది. ఆడవాళ్లకు ముట్లుడిగాక గొంతు కిందికి దిగుతుంది. ముప్పై ఏళ్ల కింద క్వయర్లో పై స్వరం పట్టిన అక్కకు ఇప్పుడు అదే పాట అదే శ్రుతిలో ఎందుకు అందడం లేదో ఆమెకే అర్థం కాదు, తనకేదో అయిందనుకుంటుంది. మగవాళ్లకు ముసలితనంలో గొంతు కొంచెం పలచబడి పైకి పోతుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య కుర్రాళ్లకైతే కొన్ని నెలల్లోనే దాదాపు ఒక స్థాయి కిందికి పడిపోతుంది. ఆ నెలల్లో పాట అందక నవ్వులపాలైన పిల్లవాడు తర్వాత జన్మంతా గుడిలో పాడడు. మగవాళ్ల వైపు పాట ఎందుకు పలచగా ఉంటుందని అడిగే సంఘపెద్దలు ఒకసారి అక్కడికి వెళ్లి వెతకాలి.

పల్లవి చెప్పేది సగమే

శ్రుతి ఎంచడంలో జరిగే తప్పు దాదాపు ప్రతిచోటా ఒక్కటే. పాడించేవాళ్లు పల్లవి ఒకసారి కూనిరాగం తీస్తారు, గొంతుకు బాగుందనిపిస్తుంది, ఆ శ్రుతి ఖాయం చేస్తారు. కీర్తన నడక తెలిసినవాళ్లు అలా చేయరు. పల్లవి మధ్య స్థాయిలో తిరుగుతుంది. అనుపల్లవి ఉంటే పంచమం దాటి పై షడ్జం వైపు చూస్తుంది. చరణం మధ్యలో ఎక్కడో శిఖరం ఉంటుంది, పై రిషభమో, గాంధారమో. కాబట్టి ముందు ఆ శిఖరాన్ని వెతకాలి. తర్వాత అడుగును. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో చూసి అప్పుడు షడ్జం ఎక్కడ పెట్టాలో తేల్చాలి.

ఒక వరస చేతిలోకి తీసుకుందాం. అడుగు షడ్జం, శిఖరం పై గాంధారం. ఒకటో శ్రుతిలో పెడితే శిఖరం పై స్థాయి మూడు మీదకు పోతుంది. మన హద్దు పై రెండు. పోయింది. రెండు మెట్లు దించి ఆరున్నర పెడితే శిఖరం పై రెండుకు వస్తుంది, పలుకుతుంది గానీ ముక్కుతూ. ఇంకొక్క మెట్టు దించి ఆరులో పెడితే అడుగు కింది ఆరు, శిఖరం పై ఒకటిన్నర. రెండు అంచులూ దొరికాయి. ఆడవాళ్లకు మొదటి మాట కాస్త గంభీరంగా పడుతుంది, ఫరవాలేదు. ఒకటికి, ఆరుకు మధ్య తేడా మూడు మెట్లే. సగం గుడి మౌనంగా ఉండటానికీ పాడటానికీ ఉన్న దూరం కూడా చాలాసార్లు అంతే.

ఇంకో రకం వరస ఉంటుంది. కింది పంచమం నుంచి మధ్య స్థాయి పంచమం దాకా తిరిగేది. షడ్జం దాని నడుములో ఉంటుంది. దీన్ని ఆరులో పెడితే అడుగు నూతిలో పడ్డట్టే, ఎవరికీ వినపడదు. దీనికి నాలుగు సరైన చోటు. కింది పంచమం సరిగ్గా ఒకటి మీద, మధ్య స్థాయి పంచమం పై ఒకటి మీద వచ్చి కూర్చుంటాయి. ఈ సంగతి మన వాగ్గేయకారులకు ఎప్పుడో తెలుసు. నవరోజు, నాదనామక్రియ, పున్నాగవరాళి లాంటి రాగాలు పై షడ్జం దాకా వెళ్లవు, పంచమం దగ్గరో నిషాదం దగ్గరో ఆగిపోతాయి. వాటిని మామూలు శ్రుతిలో పాడితే గొంతు కిందే ఉండిపోతుంది. అందుకే మధ్యమాన్ని షడ్జంగా చేసుకుని, మధ్యమ శ్రుతిలో పాడటం మన పద్ధతి. ఒకటి బదులు నాలుగు. రాగాన్ని బట్టి శ్రుతి మార్చుకునే తెలివి మనింట్లోనే ఉండగా అన్ని పాటలకూ ఒకే మెట్టు మీద కూర్చోవడం ఏం న్యాయం?

అడుగుకూ శిఖరానికీ మధ్య మరీ దూరం ఉన్న వరసలు కూడా ఉన్నాయి. కింది పంచమం నుంచి పై గాంధారం దాకా పోయే పాటను ఏ శ్రుతిలో పెట్టినా ఒక కొస బయటికే ఉంటుంది. వాటికి హార్మోనియం దగ్గర మందు లేదు. చరణం ఒక్కరో క్వయరో పాడి, పల్లవికి సంఘం అందుకోవడమే దారి. ఇదేమీ కొత్త ఏర్పాటు కాదు. సీమలో చెక్కభజన చూసినవాళ్లకు తెలుసు, గురువు ఎత్తుకుంటాడు, బృందం అందుకుంటుంది. చదువు రాని రోజుల్లో మన గుళ్లలో పాట చెప్పి పాడించడం కూడా ఇలాగే నడిచింది.

తేల్చుకున్న శ్రుతిని వృథా పోనివ్వకండి. పుస్తకంలో రాగం పక్కన పెన్సిలుతో అంకె వేసేయండి. తేల్చేటప్పుడు క్వయర్ను అడగొద్దు. వాళ్లు ఏదైనా పాడేస్తారు. క్వయర్లో లేని ఒక నడివయసు అక్కను, మాట్లాడితే గొంతు లావుగా వినిపించే ఒక అన్నను కూర్చోబెట్టి చరణం పాడించండి. మెడ పైకెత్తకుండా, నొసలు ముడవకుండా పాడారంటే అది సంఘం శ్రుతి.

ముత్యాలపాడు నుంచి మైకు దాకా

ఈ ప్రాంతానికి క్రైస్తవ కీర్తన కొత్తదేం కాదు. చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో 19వ శతాబ్దం నడుమ నుంచే ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను పనిచేసింది. నంద్యాలలో ఆ పేరుతో బడి ఇప్పటికీ ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవులు తెలుగు రాగాల్లో కట్టిన కీర్తనలు ఉత్తర సర్కారుల నుంచి సీమ దాకా నడిచొచ్చాయి. ఈ వైపు ఎస్.పి.జి. సంఘాలు తర్వాత దోర్నకల్ డయాసిస్ కిందికి వెళ్లాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆ డయాసిస్‌లో దేశీయ కీర్తనలకు పెద్దపీట వేశారు. పల్లెజనం తమ వాద్యాలతో, తమ వరసల్లో పాడాలన్నది ఆయన పట్టుదల.

పల్లెజనం వరసలకు శ్రుతి సమస్య అంతగా ఉండేది కాదు. కలుపు తీస్తూనో, నాట్లేస్తూనో పాడుకునే పాట ఐదారు స్వరాల్లోనే తిరుగుతుంది. ఎక్కడ ఎత్తుకున్నా పోతుంది. స్థాయి దాటి ఎగిరే కీర్తన వచ్చాకే, ఎక్కడ ఎత్తుకోవాలన్న ప్రశ్న వచ్చింది. దానికి తోడు చేతి హార్మోనియం వచ్చింది. పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ 1842లో పేటెంటు హక్కులు పొందిన కాలితొక్కుడు వాద్యాన్ని, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టి వాయించేలా మార్చాడు. అప్పటిదాకా శ్రుతి గొంతులో ఉండేది, ఇప్పుడు పెట్టెలోకి వచ్చింది. పెట్టె పలికిన చోటే పాడాలి.

ఆ పెట్టెలు కూడా అన్నీ ఒకేలా పలికేవి కావు. ఇవాళ మనం 440 హెర్ట్జ్ అంటున్న ఆరు, అంతర్జాతీయంగా ఒప్పందానికి వచ్చింది 1939లో, లండన్ సమావేశంలో. అంతకుముందు విక్టోరియా కాలపు ఇంగ్లండులో కొన్ని వాద్యాలు 452 దాకా బిగించి ఉండేవి. అంటే దాదాపు అర మెట్టు ఎక్కువ. పాత హార్మోనియం మీద తాతగారు ఇదే శ్రుతిలో పాడేవారని పట్టుబట్టేవాళ్లు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంగ్లీషు సంఘాలు తమ పాటలు తామే దించుకున్నాయి. జె.బి. డైక్స్ 1861లో త్రిత్వ ఆరాధన పాటకు కట్టిన ‘నైసియా’ వరస మొదట అచ్చయింది ‘ఇ’ మేజర్లో, మన లెక్కలో మూడో శ్రుతి. తర్వాతి పుస్తకాలు చాలావరకు దాన్ని రెండున్నరకు, ఆపైన రెండుకు దించి అచ్చేశాయి. నాలుగు స్వరాల్లో పాడే క్వయర్ల కాలంలో పై అంచు ఎంత ఉన్నా చెల్లింది. అందరూ ఒకే వరస పాడే కాలానికి చెల్లలేదు. వాళ్ల పుస్తకంలో స్వరలిపి అచ్చవుతుంది కాబట్టి ఒకరు దించితే దేశమంతా దిగింది. మన పుస్తకంలో శ్రుతే లేదు కాబట్టి ఏ గుడికి ఆ గుడి దించుకోవాల్సిందే.

సీమకు ఇంకో జబ్బు కూడా ఉంది, దాన్ని జబ్బనడానికి నాకు మనసొప్పదు. పౌరాణిక నాటకం. మైకుల్లేని రోజుల్లో హరిశ్చంద్రుడి పద్యం ఊరిచివర కూర్చున్నవాడి చెవిన పడాలంటే ఎత్తైన శ్రుతే దిక్కు. గుక్క తిప్పుకోకుండా పైన రాగం తీస్తే వన్స్‌మోర్లు పడేవి. ఏం గొంతురా అనిపించుకోవడమంటే పైకి పాడటమే అని మన చెవి అలవాటు పడింది. గుడిలో పాడించే అన్న పైన రాగం తీసినప్పుడు జనం మెచ్చుకోలుగా చూస్తారు, తాము పాడటం మానేసి. నాటకంలో జనం వినడానికొచ్చారు కాబట్టి సరిపోయింది.

కీబోర్డు, కేపో, తబలా

శ్రుతి దించమంటే కీబోర్డు తమ్ముడు మొహం మాడ్చుకోవడానికి ఒక కారణం ఉంది. ఒకటిలో శంకరాభరణం వాయిస్తే అన్నీ తెల్లమెట్లే. ఆరులోకి వస్తే మూడు నల్లమెట్లు, ఆరున్నరలో రెండే గానీ వేళ్లకు కొత్త. ఈ భయానికి విరుగుడు ఆ కీబోర్డులోనే ఉంది. యమహా, కేసియో, రోలాండ్, ఏదైనా ట్రాన్స్‌పోజ్ బొత్తాం ఉంటుంది. మైనస్ మూడు నొక్కి ఒకటిలోనే వాయించుకుంటే బయటికి ఆరు పలుకుతుంది. పాట అయిపోగానే సున్నాకు తెచ్చుకోవడం మరిచిపోయే తమ్ముళ్ల వల్ల మాత్రం తర్వాతి పాట ఎత్తుగడలో గుడంతా ఒకసారి తడబడుతుంది. మొదటి ఆదివారం నవ్వుకుంటారు, నాలుగో ఆదివారానికి అలవాటవుతుంది.

గిటారు వాళ్లది ఇంకో ఇబ్బంది. కేపో శ్రుతిని పైకే తీసుకెళ్తుంది, కిందికి దించదు. ఆరు కావాలంటే ‘ఏ’ మీద పట్టే వేళ్లు నేర్చుకోవాలి, లేదా జి ఆకారాల మీద రెండో గడిలో కేపో బిగించాలి. తబలా వాయించే పెద్దాయన అభ్యంతరం ఇంకా న్యాయమైనది. తబలా షడ్జానికి బిగించి ఉంటుంది, పాటకో శ్రుతి మారిస్తే సుత్తితో కూర్చోవడానికే ఆరాధన సరిపోతుంది. అందుకని ఒకే శ్రుతి పాటలు పక్కపక్కన వేసుకోవడం మేలు. ఆరంభ పాటలు రెండూ ఆరులో, ప్రసంగం అయ్యాక వచ్చేవి ఒకటిలో. డోలక్, కంజీర, డప్పుతో నడిచే గుళ్లకు ఈ గొడవే లేదు.

అసలు తంటా ట్రాకులది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చిన ట్రాక్ ఆ గాయకుడి స్కేలులోనే ఉంటుంది. దాన్ని ఫోనులోనే రెండు మూడు మెట్లు దించే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా యవ్వనస్తులు ఒరిజినల్ స్కేలే కావాలంటారు. అది చెడితే పాటే చెడినట్టు వాళ్లకు. ఆల్బమ్ పాటకు ఒరిజినల్ అంటే ఆ రోజు స్టూడియోలో ఆ గాయకుడి గొంతు, అంతకు మించి ఏమీ లేదు. ఆ గాయకుడే వేదిక మీద పాడేటప్పుడు వయసుతో పాటు మెట్టో రెండు మెట్లో దించి పాడతాడు.

కరెంటు పోయిన ఆదివారం ఒక పరీక్ష దానంతటదే జరుగుతుంది. కీబోర్డు ఆగిపోతుంది, మైకులు ఆగిపోతాయి. వెనక వరసలో ఎవరో అవ్వ పాట అందుకుంటుంది, తన గొంతు ఎక్కడ పలికితే అక్కడ. రెండో చరణానికి గుడంతా పాడుతుంటుంది. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టి అప్పుడు వాళ్లు ఏ మెట్టు మీదున్నారో చూడండి. ఏ సంగీతం మాస్టారు చెప్పినదానికన్నా నమ్మదగిన జవాబు వస్తుంది.

నాపరాయి నేల చేసే మాయ

బేతంచెర్ల చుట్టుపక్కల గుళ్లలో నేలంతా నాపరాయే, పైన స్లాబో రేకులో. రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి మింగదు, మిగతాదంతా వెనక్కి కొడుతుంది. ఎక్కువగా మింగేది జనమే. హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ 1890ల్లో రాత్రిళ్లు కుర్చీ మెత్తలు మోసుకొచ్చి గదిలో పరుస్తూ తీస్తూ లెక్కలు కట్టి, ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో సూత్రం రాసింది ఈ సంగతి మీదే. శనివారం సాయంత్రం ఖాళీ గుడిలో క్వయర్ ప్రాక్టీసు చేస్తే నాలుగు గొంతులు నలభైలా మోగుతాయి. పై స్వరాలు కూడా కష్టం లేకుండా పలికినట్టుంటుంది. ఆ ధీమాతో శ్రుతి ఒక మెట్టు పెంచుతారు. ఆదివారం చాపల మీద జనం నిండాక అదే గుడి శబ్దాన్ని మింగేస్తుంది. మోగలేదని మైకు పెంచుతారు. మైకు పెరిగితే సంఘానికి తన గొంతు తనకే వినపడదు. తన గొంతు వినపడనివాడు కొంచెంసేపు అరుస్తాడు, తర్వాత మానేస్తాడు. శ్రుతి శనివారం తేల్చొద్దని నేను పాడించేవాళ్లకు చెప్పేది ఇందుకే.

శ్రుతి దించితే ఊపు పోతుందన్నది అందరూ వేసే ఎదురుమాట. అందులో నిజం ఉంది. మరీ దించితే పాట గొణుగుడవుతుంది, మగవాళ్లు కూడా గొంతు అడుగున వెతుక్కుంటారు, పండగ పాట సంతాప సభలా వినిపిస్తుంది. ఒకటిలో పాడదగిన పాటను ఐదుకు లాక్కెళ్లడం కూడా తప్పే. ఊపు కావాలంటే తాళం బిగించుకోవచ్చు, డప్పు కలుపుకోవచ్చు, చివరి చరణానికి ఒక్క మెట్టు పెంచి ఎత్తుకోవచ్చు. అప్పటికి గొంతులు కాగి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క మెట్టు భరిస్తాయి.

వేళను బట్టి, సమూహాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉండేది దాదాపు ఆడవాళ్లే. అక్కడ పాస్టరమ్మ గారు తనకు కుదిరిన ఐదో ఐదున్నరో పెట్టుకుంటే అందరికీ కుదురుతుంది, ఆదివారం అంకెను అక్కడికి మోసుకెళ్లక్కర్లేదు. సండే స్కూల్‌లో తప్పు తలకిందులుగా జరుగుతుంది. టీచరు తన గొంతుకు కిందగా ఎత్తుకుంటుంది, పిల్లలు గొంతు నొక్కి గర్జించినట్టు పాడతారు. వాళ్లకు రెండు పెడితే చాలు, పాట పాటలా వస్తుంది. మంచి శుక్రవారం మూడు గంటల ఆరాధనలో విలంబంగా సాగే కీర్తనలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కొందరు ఉపవాసంతో ఉంటారు. ఆ రోజు ప్రతి పాటకూ ఒక మెట్టు తగ్గించి రాసుకోవడమే మంచిది.

అన్నిటికన్నా కష్టమైనది క్రిస్మస్. డిసెంబరు చలిలో రాత్రిళ్లు ఇంటింటికీ క్యారల్స్ తిరిగి, వీధిలో బండి జనరేటర్ మోతను మించి పాడి, 24 రాత్రికి క్వయర్ గొంతు బొంగురుపోయి ఉంటుంది. మర్నాడు తెల్లవారుజామున ఆరాధన. నిద్ర లేచిన గొంతు ఎవరికైనా బరువుగా, కిందగా ఉంటుంది, ఒకటి రెండు గంటలు పోతే గానీ తేలికపడదు. ఏడాదికోసారి గుడికొచ్చే వాళ్లు కూడా ఆ రోజే వస్తారు, వాళ్లకు తెలిసినవి ఆ నాలుగైదు పాటలే. తెల్లవారుజామున మొదటి పాట మామూలు కన్నా రెండు మెట్లు కిందనే ఎత్తుకోండి. పది గంటల ఆరాధనకు మామూలు శ్రుతికి తెచ్చుకోవచ్చు. ట్రాక్ పెట్టాలని యవ్వనస్తులు పట్టుబడితే, రాత్రి కార్యక్రమంలో వేదిక మీద వాళ్లు పాడుకునే పాటకు పెట్టనివ్వండి.